‘రష్యను’ అంటే ఎవరు?

ఒక జాతిని గురించి తెలుసుకోవాలని బయలుదేరినవాడికి మొట్టమొదట ఎదురయ్యేవి గంభీరమైన సాధారణ సూత్రాలు. రష్యా విషయంలో ఇవి మరీ ఎక్కువ. రష్యను ఆత్మ అంతుపట్టనిదని ఒకరంటారు. రష్యను ప్రజలు పుట్టుకతోనే సమష్టి జీవులని మరొకరంటారు. నెత్తిమీద నియంత లేనిదే వాళ్లకు పొద్దు గడవదని ఇంకొకరంటారు. వీటిలో మెచ్చుకోళ్లూ ఉన్నాయి, తిట్లూ ఉన్నాయి. రెండింటికీ ఉన్న లోపం మాత్రం ఒకటే: చరిత్ర లేకపోవటం. మనుషులు భూమితోనూ, ప్రభువుతోనూ, పొరుగువాడితోనూ ఎటువంటి సంబంధంలో బతికారో చెప్పకుండా వాళ్ల స్వభావం చెప్పటం జ్యోతిషం అవుతుందిగాని అధ్యయనం కాదు.

నేను తెలుగు లెక్చరర్ని. రష్యా నా వృత్తికి సంబంధించిన విషయం కాదు. కాని బి.ఏ. తరగతికి అనువాద సాహిత్యం పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు ఆ దేశాన్ని పక్కన పెట్టి పాఠం నడపటం సాధ్యం కాదని తేలింది. క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన గోర్కీ ‘అమ్మ’ను వదిలి మన అనువాద నవల చరిత్ర ఎవరు చెప్పగలరు? ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో ఉండి చేసిన అనువాదాలు చదవని అభ్యుదయ కుటుంబం మా నాన్న తరంలో అరుదు. మా నాన్న బడిపంతులు. ఆయన అలమరలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు రెండు వరసలుండేవి. 1991లో సోవియట్ యూనియన్ పోయేనాటికి నాకు ఊహ తెలియదు. రాజ్యం పోయింది, పుస్తకాలు మిగిలాయి. నేను చదువుకున్నది ఆ మిగిలిన పుస్తకాలనే.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదికి దండెత్తింది. మన జిల్లాల నుంచి అక్కడికి వైద్యం చదవటానికి వెళ్లిన పిల్లలు ప్రాణాలు అరచేత పెట్టుకుని తిరిగివచ్చారు. ఆ తరువాత నా క్లాసులో ప్రశ్నల తీరు మారింది. ఐత్మాతోవ్ కథ పాఠం చెబుతూ ఉండగా ఒక విద్యార్థిని లేచి, “సార్, ఈయన రష్యను రచయితేనా? పేరు చూస్తే మన ముస్లిముల పేరులాగా ఉంది” అన్నది. చాలా మంచి ప్రశ్న. దానికి ఒక్క వాక్యంలో సమాధానం చెప్పవచ్చును: ఆయన కిర్గిజ్ జాతివాడు, కిర్గిజ్ భాషలోనూ రష్యను భాషలోనూ రాశాడు. కాని ఆ సమాధానం వెనక ఒక పెద్ద విషయం ఉన్నది. దాన్ని మొదటినుంచీ చదవాలనే ఉద్దేశంతో, హైదరాబాదులో రష్యను చదువుకున్న ఒక మిత్రుణ్ణి పట్టుకుని, వారానికి రెండు సాయంత్రాలు ఆ భాష 33 అక్షరాలతో మొదలుపెట్టాను. ప్రాథమిక పాఠాలే అయినా, వాటినుంచి నాకు అందిన కొన్ని సంగతులు మన విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ పనికివస్తాయని ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదటి పాఠం పేర్లు. రష్యను నవల చదివే ఇంగ్లీషు పాఠకుడు ఆ పేర్ల అడవిలో దారి తప్పుతాడని అంటారు. తెలుగువాడికి అంత భయం అక్కర్లేదు. రష్యనుకు తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అని మూడు ఉంటాయి. టాల్‌స్టాయ్ పూర్తి పేరు లేవ్ నికొలాయెవిచ్ టాల్‌స్టాయ్. అంటే టాల్‌స్టాయ్‌ల ఇంటి నికొలాయ్ కొడుకు లేవ్. గౌరవించవలసినవాణ్ణి పేరూ తండ్రిపేరూ కలిపి పిలుస్తారు. అది మన ‘గారు’ చేసే పని చేస్తుంది. మన నువ్వు, మీరు లాగా వాళ్లకు ‘తీ’, ‘వీ’ అని రెండు మాటలున్నాయి. ఇంగ్లీషు అనువాదంలో ఈ తేడా చచ్చిపోతుంది, తెలుగు అనువాదంలో బతుకుతుంది.

ఇంతవరకూ ఇది వ్యాకరణం. ఇక్కడనుంచి సమాజం మొదలవుతుంది. మన పల్లెల్లో పాలేరు పేరు ఎల్లయ్య అయినా దొర నోట అతను ఎల్లిగాడే. దొర కొడుక్కు పదేళ్లు, ఎల్లయ్యకు అరవై ఏళ్లు అయినా “ఒరే” తప్పలేదు. రష్యాలో ఇవాన్ అనేవాడు కమతగాడైతే వాన్కా అయ్యేవాడు, వాసిలీ వాస్కా అయ్యేవాడు. 1847లో విమర్శకుడు బెలీన్‌స్కీ గోగోల్‌కు రాసిన ప్రసిద్ధమైన లేఖలో, మనుషులు తమను తామే పేర్లతో కాక ఇటువంటి తక్కువ పిలుపులతో పిలుచుకునే దేశం మనదని ఈసడించుకున్నాడు. ఆ లేఖను అచ్చువెయ్యటం అసాధ్యం. చేతిరాత ప్రతుల్లో తిరిగింది. దాన్ని ఒక రహస్య సమావేశంలో చదివి వినిపించాడన్నది 1849లో దొస్తోయెవ్‌స్కీకి మరణశిక్ష వెయ్యటానికి ఒక ముఖ్య కారణం. ఆ శిక్షను ఆఖరు నిమిషంలో మార్చి ఆయన్ను సైబీరియాకు పంపారు.

ఇప్పుడు 1917కు రండి. జారు పడిపోతున్న రోజుల్లోనే పెట్రోగ్రాడ్ సోవియట్ సైనికులకోసం తన ఒకటో నెంబరు ఉత్తరువు జారీచేసింది. అందులో సైనికుల కమిటీల సంగతి ఉంది, ఆయుధాలు ఎవరి అధీనంలో ఉండాలన్న సంగతి ఉంది. వీటితోపాటు మరొక అంశం కూడా ఉంది: అధికారులు సైనికులతో అమర్యాదగా మాట్లాడకూడదు, ముఖ్యంగా వాళ్లను ‘నువ్వు’ అని సంబోధించకూడదు. విప్లవాన్ని ఆకలీ భూమీ యుద్ధమూ అనే మాటలతోనే వివరించటానికి మనం అలవాటుపడ్డాం. అవి ప్రధానమే, సందేహం లేదు. కాని తుపాకి పట్టుకున్న రైతుబిడ్డ మొదటి రోజునే సర్వనామం సంగతి కూడా తేల్చుకోదలచాడంటే, ఆ ‘నువ్వు’ అతని గుండెలో ఎన్ని తరాలనుంచి గుచ్చుకుంటున్నదో ఆలోచించండి. ఒక్క ‘నువ్వు’లో ఒక భూస్వామ్య వ్యవస్థ మొత్తం ఇమిడి ఉన్నది. ఈ ముక్క మన విద్యార్థులకు చెబితే వాళ్లకు వేరే వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. “మా తాతను కూడా ఇట్లాగే పిలిచేవాళ్లు సార్” అని ఇద్దరు ముగ్గురు అన్నారు.

రెండో పాఠం ‘రష్యను ఆత్మ’. ఆ భాషలో ఆత్మను ‘దుషా’ అంటారు. ఆత్మ లోతును గురించి పుస్తకాలు రాసినవాళ్లు, ఆ మాటకు రష్యాలో ఉన్న మరో అర్థం ముందుగా చెప్పాలి. సెర్ఫుల వ్యవస్థలో పన్ను కట్టవలసిన మగ రైతును లెక్కపుస్తకంలో ఒక ‘ఆత్మ’ అని రాసేవారు. భూస్వామి ఐశ్వర్యం ఎకరాల్లో కాక ఆత్మల్లో చెప్పేవారు. నూరు ఆత్మల ఆసామి, వెయ్యి ఆత్మల ఆసామి. ఆత్మలను అమ్మవచ్చు, తాకట్టు పెట్టవచ్చు. ఒక జనాభా లెక్కకూ మరో లెక్కకూ మధ్య చచ్చిపోయిన రైతు కాగితం మీద బతికే ఉంటాడు, అతని మీద పన్నూ ఉంటుంది. 1842లో వచ్చిన గోగోల్ ‘మృతజీవులు’ కథకు మూలం ఈ లెక్కే. అటువంటి చచ్చిన ఆత్మలను చవగ్గా కొని, తాకట్టు పెట్టి డబ్బు చేసుకుందామని ఒక పెద్దమనిషి ఊళ్లు తిరుగుతాడు. రష్యను ఆత్మ లోతును కొలిచినవాడు వేదాంతి కాదు, కరణం!

రైతును రష్యనులో ‘క్రెస్త్యానిన్’ అంటారు. ‘క్రైస్తవుడు’ అన్న మాటనుంచే అది వచ్చింది. పల్లెలో రైతులందరూ కలిసి భూమిని పంచుకుని, పన్నుకు ఉమ్మడిగా జవాబుదారీ వహించే సమాజానికి ‘మీర్’ అని పేరు. అదే మాటకు ప్రపంచమనీ, శాంతి అనీ కూడా అర్థాలున్నాయి. ఇది చూసి రష్యను రైతు ప్రపంచాన్నంతటినీ తన ఊరిలో చూసుకున్నాడని కవిత్వం చెప్పవచ్చు. కాని చరిత్ర చెప్పేది వేరు. 1861లో సెర్ఫులకు విముక్తి ప్రకటించారు. అప్పటికి ప్రైవేటు భూస్వాముల కింద ఉన్న సెర్ఫులు రెండు కోట్లకు పైమాటే. విముక్తి పొందిన రైతు తాను దున్నుతున్న భూమికి 49 ఏళ్లపాటు వాయిదాల మీద సొమ్ము కట్టాలి. ఆ వాయిదాలు వసూలు చెయ్యటానికి సర్కారుకు అందివచ్చిన సాధనం ఈ ‘మీర్’. ఒకడు కట్టకపోతే ఊరంతా కట్టాలి. అందుచేత ఊరు ఒకణ్ణి కదలనివ్వదు. 1905 విప్లవం కదిలించిన తరువాతగాని, 1907నుంచి ఆ వాయిదాలు రద్దు కాలేదు. ఒకే సంస్థలో పరస్పర సహాయమూ ఉంది, సంకెలా ఉంది.

ఈ జటిలత్వాన్ని గౌరవించినవాడు మార్క్స్. ఆయన 50 ఏళ్లు దాటిన తరువాత రష్యను నేర్చుకున్నాడు, ఆ దేశపు శ్రామికుల స్థితిని వాళ్ల భాషలోనే చదవటానికి. 1881లో వేరా జసూలిచ్ అనే విప్లవకారిణి, మా గ్రామ సమాజం నశించి తీరవలసిందేనా అని ఆయన్ను అడిగింది. మార్క్స్ పెద్ద చిత్తుప్రతులు కొన్ని రాసి, చివరకు చిన్న జాబు పంపాడు. పశ్చిమ యూరప్‌కు తాను చెప్పినదాన్ని రష్యాకు కళ్లు మూసుకుని అంటగట్టవద్దనీ, హానికరమైన శక్తులను తొలగిస్తే ఆ సమాజమే పునరుజ్జీవనానికి ఆధారం కాగలదనీ దాని సారాంశం. పాఠం మొదలుపెట్టే విద్యార్థికి ఇంతకంటె మంచి గురువు ఎవరు? తన సిద్ధాంతం కంటె ముందు ఎదటివాడి భాష నేర్చుకున్నాడాయన.

ఇక అసలు విషయం. మనం ‘రష్యను’ అని ఒకే మాట వాడే చోట ఆ భాషలో రెండు మాటలున్నాయి. ఒకటి ‘రూస్కీ’: రష్యను జాతికీ, భాషకూ, సంస్కృతికీ చెందినది. రెండోది ‘రొస్సీస్కీ’: రష్యా అనే రాజ్యానికి చెందినది. కజాన్‌లోని తాతారు రెండో అర్థంలో రష్యా పౌరుడు, మొదటి అర్థంలో రష్యను కాదు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండూ కలిసిపోయాయి. ఇది నిఘంటుకారుల తగాదా అయితే దాన్ని వాళ్లకే వదిలెయ్యవచ్చు. కాని ఈ రెండు మాటల మధ్య సందులోనే ఆ దేశ చరిత్రలోని రక్తపాతంలో చాలా భాగం జరిగింది.

1897లో జారు సామ్రాజ్యం మొదటి జనగణన చేసింది. 12 కోట్ల 50 లక్షలకు పైగా జనం తేలారు. మాతృభాషల పట్టికలో ‘రష్యను’ అనే శీర్షిక కింద మహారష్యనులు, చిన్న రష్యనులు, శ్వేత రష్యనులు అని మూడు భాగాలు పెట్టారు. చిన్న రష్యనులు అంటే ఉక్రెయినియనులు. మూడూ కలిపితే రష్యనులు అధికసంఖ్యాకులు. విడదీస్తే మహారష్యనులు సుమారు నూటికి 44 మంది మాత్రమే. అంటే ఉక్రెయినియనులు వేరే జాతి అని ఒప్పుకున్న మరుక్షణాన సామ్రాజ్యం తన మెజారిటీ కోల్పోతుంది. అందుకనే వాళ్ల భాష భాషే కాదనవలసి వచ్చింది. 1863లో ఒక మంత్రి ఉత్తరువు ద్వారా ఆ భాషలో మతగ్రంథాలూ పాఠ్యపుస్తకాలూ అచ్చువెయ్యటం ఆపారు. 1876లో జారు శాసనం నిషేధాన్ని ఇంకా బిగించింది. తరాస్ షెవ్చెంకో సెర్ఫుగా పుట్టిన కవి, చిత్రకారుడు. మిత్రులు 1838లో 2500 రూబుళ్లు పోసి ఆయన స్వేచ్ఛను కొన్నారు. 1847లో ప్రభుత్వం ఆయన్ను సైన్యంలోకి ప్రవాసం పంపుతూ, రాయకూడదు, బొమ్మలు గియ్యకూడదు అని ఆజ్ఞాపించింది. అదే రోజుల్లో రష్యను కులీనులు ఇళ్లల్లో మాట్లాడుకునే భాష ఫ్రెంచి! రష్యను సాహిత్య భాషకు రూపు దిద్దిన పుష్కిన్ ముత్తాత ఆఫ్రికానుంచి వచ్చినవాడు. జాతి అనేది నెత్తురులో ఉండే పదార్థం కాదని ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఈ విషయంలో లెనిన్‌కు భ్రమలు లేవు. 1914 డిసెంబరులో, యుద్ధోన్మాదం మధ్య, మహారష్యనుల జాతీయాభిమానాన్ని గురించి రాసిన వ్యాసంలో, తన భాషను, తన దేశాన్ని ప్రేమించేవాడు తన జాతి పేరిట పోలండునూ ఉక్రెయిన్‌నూ అణచటాన్ని సహించలేడని వాదించాడు. 1922 డిసెంబరు చివర, జబ్బుమంచం మీదనుంచి చెప్పి రాయించిన నోట్సులో, పీడించే జాతి జాతీయతనూ పీడితజాతి జాతీయతనూ ఒకే గాట కట్టవద్దని హెచ్చరించాడు. ఆ నోట్సు సోవియట్ దేశంలో అచ్చు కావటానికి 1956 దాకా పట్టింది. ఆ ఆలస్యం కూడా మనం చదవవలసిన చరిత్రే.

1923లో పార్టీ పన్నెండో మహాసభ స్థానిక భాషలను, స్థానిక కార్యకర్తలను పైకి తీసుకురావాలని తీర్మానించింది. బడులు వచ్చాయి, లిపి లేని భాషలకు లిపులు వచ్చాయి. ఈ ఘనతను కాదనటం అన్యాయం. 1930ల్లో గాలి తిరిగింది. 1938లో అన్ని రిపబ్లిక్కుల బడుల్లో రష్యను తప్పనిసరి అయింది. ఐత్మాతోవ్ తండ్రి, కిర్గిజ్ కమ్యూనిస్టు నాయకుడు, ఆ ఏడే కాల్చివేతకు గురయ్యాడు. 1944లో చెచెనులనూ ఇంగుషులనూ ఫిబ్రవరిలో, క్రిమియా తాతార్లను మే నెలలో, పసిపిల్లలతో సహా మొత్తం జాతులకు జాతులనే రైళ్లలోకి ఎక్కించి మధ్య ఆసియాకు తరలించారు. శ్రామికవర్గం పేరిట ఏర్పడిన రాజ్యం మనిషిని అతని పనినిబట్టి కాక పుట్టుకనుబట్టి శిక్షించింది. దీన్ని మన శత్రువులు చెబుతున్నారు గనక మనం చెప్పకూడదనే తర్కం విమర్శకుడికి తగదు.

1993 రాజ్యాంగం పీఠికలో దేశం తనను తాను బహుజాతి ప్రజగా చెప్పుకున్నది. అక్కడ ఉన్న మాట ‘రొస్సీస్కీ’. 2020 సవరణలో రష్యను భాషను ‘రాజ్యాన్ని నిర్మించిన జాతి’ భాషగా వర్ణించారు. సమాన హక్కుల జాతుల సమాఖ్య అన్న మాటను దాని పక్కనే కూర్చోబెట్టారు. 2021 జనగణన, ఆక్రమించుకున్న క్రిమియాను కూడా కలుపుకుని, 14 కోట్ల 70 లక్షలమందిని లెక్కించింది. అందులో రష్యను జాతీయులమని చెప్పినవారు సుమారు పదిన్నర కోట్లు. తాతార్లు 47 లక్షలు. జాతి చెప్పనివారే కోటిన్నరకు పైన ఉన్నారు. ఆ ఏడు జూలైలో అధ్యక్షుడు పుతిన్, రష్యనులూ ఉక్రెయినియనులూ ఒకే ప్రజ అని వాదిస్తూ వ్యాసం ప్రకటించాడు. 2022 ఫిబ్రవరి 21న, దండయాత్రకు మూడు రోజుల ముందు చేసిన ప్రసంగంలో, ఆధునిక ఉక్రెయిన్ బోల్షివిక్కులు, ముఖ్యంగా లెనిన్, సృష్టించినదేనని నింద మోపాడు. మన వాళ్లు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. ఆ ట్యాంకులు లెనిన్‌ను సమర్థిస్తూ బయలుదేరలేదు. ఆయనను దోషిగా నిలబెట్టి బయలుదేరాయి.

మా స్టాఫ్ రూములో ఈ విషయం మీద రెండు పక్షాలున్నాయి. చరిత్ర చెప్పే పెద్దాయన, “కష్టకాలంలో మనను ఆదుకున్న దేశమండీ అది. 1971ని మరిచిపోతామా?” అంటారు. ఇంగ్లీషు చెప్పే కుర్రవాడు, “ఇంకా ఆ పుస్తకాలు ఎందుకు మాష్టారూ? వాళ్ల సామ్రాజ్యానికి టాల్‌స్టాయే గదా ముఖద్వారం” అంటాడు.

పెద్దాయన కృతజ్ఞత నాకు అర్థమవుతుంది. అయితే 1971లో మనతో ఒప్పందం చేసుకున్నది సోవియట్ యూనియన్. అందులో 15 రిపబ్లిక్కులున్నాయి, ఉక్రెయిన్ కూడా ఒకటి. అందరికీ కలిపి పడ్డ బాకీని ఒకడికే జమకట్టటం ఏం న్యాయం? కుర్రవాడి కోపం కూడా నాకు అర్థమవుతుంది. కాని టాల్‌స్టాయ్ యువకుడుగా కాకసస్‌లో సైన్యంలో పనిచేసి, ముసలితనంలో ‘హాజీ మురాద్’ రాశాడు. ఆయన పోయిన తరువాత 1912లో, సెన్సారు కోతలతో, అది వెలువడింది. రష్యను సైనికులు తగలబెట్టి పోయిన చెచెన్ పల్లెను ఆయన అందులో ఆ పల్లెవాళ్ల కళ్లతో చూపించాడు. ఆ పుస్తకాన్ని అవతల పారేస్తే సామ్రాజ్యం మీద సాక్ష్యం చెప్పే గట్టి సాక్షిని మనమే కోర్టునుంచి వెళ్లగొట్టినవాళ్లం అవుతాం.

ఒక సాహిత్యాన్ని ప్రేమించటం వేరు, ఆ సాహిత్యం పేరు చెప్పుకునే రాజ్యానికి వకాల్తా పుచ్చుకోవటం వేరు. ఒకే భాష మాట్లాడే మనలోనే ఒక పేరు అందరికీ సరిపోదని, భాష ఒకటైనంత మాత్రాన అనుభవం ఒకటి కాదని 2014లో రెండు రాష్ట్రాలుగా తెలుసుకున్నాం. కనక ఇతరుల విషయంలో “మీరూ మేమూ ఒకటే” అని బలవంతుడు అన్నప్పుడు, ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారో అడిగి తెలుసుకోవటం మనకు కష్టం కాకూడదు.

మా తరగతిలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. మాస్కోనుంచి వచ్చిన ఏ తెలుగు పుస్తకం తెరిచినా మూడు ప్రశ్నలు వేసుకుంటాం. ఈ రచయిత మొదట ఏ భాషలో రాశాడు? ఈ కథలో ఎవరు ఎవరిని ‘నువ్వు’ అంటున్నారు, ఎవరు ‘మీరు’ అంటున్నారు? అట్ట మీద ‘రష్యను’ అని ఉంటే అది జాతి పేరా, రాజ్యం పేరా? రసూల్ గమ్జాతోవ్ అవార్ భాషలో రాశాడని తెలిసినప్పుడు పిల్లలకు దాగెస్తాన్ పటం కావలసి వచ్చింది. గోగోల్ పోల్తావా ప్రాంతంలో పుట్టి రష్యనులో రాశాడని తెలిసినప్పుడు, ఆయన ఎవరివాడన్న చర్చ గంట కొట్టినా ఆగలేదు. ఆ చర్చను నేను తేల్చలేదు. ఆ విషయం ఓటింగుతో తేలేది కాదు, ట్యాంకులతో అసలే తేలదు.

రష్యాను చదవటానికి ఇది ప్రవేశద్వారం మాత్రమే. లోపల ఇంకా ఎన్నో గదులున్నాయి. కాని ఈ మూడు ప్రశ్నలు చేత పట్టుకున్న విద్యార్థి ఆత్మల కబుర్లు చెప్పి మోసగించేవాడికి లొంగడు, మైత్రి పేరు చెప్పి నోరు మూయించేవాడికీ లొంగడు. సంస్కృతిని అధ్యయనం చెయ్యటం వల్ల ప్రయోజనం ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పదలచినది ఇంతే.